మట్టక్కళప్పులో తోటివాళ్లు

మా కావలిలో కొత్త మనిషితో పరిచయమంటే ప్రశ్నలే. బస్సులో పక్క సీటులో కూర్చున్నవారిని ఏ ఊరు, ఎవరి తాలూకు, నాన్నగారు ఏం చేస్తారు, పిల్లలు ఎంతమంది అని మొదలుపెడితే, కోవూరు వచ్చేసరికి వాళ్లింటి సంగతులన్నీ మనకు తెలిసిపోతాయి. అడగకపోతేనే ఎదుటివారు చిన్నబుచ్చుకుంటారు. డిగ్రీ కళాశాలలో గణితం చెప్పే నేను, శ్రీలంక తూర్పు తీరంలోని మట్టక్కళప్పులో ఒక యువజన సేవాసంస్థకు వేసవి సెలవుల్లో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పడానికి వెళ్లినప్పుడు, ఈ పద్ధతి అక్కడ పనికిరాదని మొదటి ఉదయమే తెలిసింది. సంస్థ పేరు మాత్రం చెప్పను. చెబితే ఇక్కడ ప్రస్తావించబోయే మనుషులెవరో ఆ ఊళ్లో అందరూ ఇట్టే పోల్చుకుంటారు.

ప్రయాణం గురించి చెప్పవలసింది తక్కువ. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటంబావు పడుతుంది. కావలి నుంచి చెన్నైకి రైల్లో అంతకంటే చాలా ఎక్కువసేపే కూర్చోవాలి. కొలంబో కోట స్టేషన్‌లో ఉదయాన్నే బయలుదేరే ఉదయదేవి రైలు ద్వీపాన్ని అడ్డంగా దాటుకుంటూ, కొబ్బరితోటలూ చెరువులూ అడవీ వెనక్కి వదులుతూ పోతుంది. పొలొన్నరువ దాటిన తరువాత బోగీలో సింహళం తగ్గి తమిళం పెరిగింది. అక్కడి నుంచి కిటికీలో కనిపించినవన్నీ వరిపొలాలే కావడంతో, విడవలూరు వైపు పోతున్నానేమోనని కాసేపు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

ఆ కేంద్రానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పదహారు, పంతొమ్మిదేళ్ల మధ్య వయసు పిల్లలు. పదకొండో తరగతి తరువాత రాసే ఓ-లెవెల్ పరీక్షలో గణితం తప్పినవాళ్లు, బడి మధ్యలోనే మానేసి పడవల మీద పనికి వెళ్లేవాళ్లు, కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లలు, సైకిళ్లూ మోటారుసైకిళ్లూ బాగుచేయడం నేర్చుకునే కుర్రాళ్లు అందరూ ఒకే ఆవరణలో ఉండేవారు. మొదటి ఉదయం కొత్తగా వచ్చిన మమ్మల్ని కూర్చోబెట్టి, కేంద్రం నిర్వహించే నలభై దాటిన ఆవిడ, అందరికీ అక్కే అయిన ఆవిడ, ఒక్క నియమమే చెప్పింది. "ఇంట్లో ఎంతమంది ఉన్నారని ఇక్కడ ఎవరినీ అడగకండి. వాళ్లే చెబితే వినండి. పిల్లల విషయంలోనే కాదు, పెద్దవాళ్ల విషయంలోనూ అంతే."

ఆ నియమం ఎందుకో ఆవిడ వివరించలేదు, వివరించవలసిన అవసరమూ లేదు. 1983లో మొదలై 2009 మే నెలలో ముగిసిన యుద్ధం ఆ జిల్లా మీదుగానే నడిచింది. 1990 ఆగస్టు 3న పక్కనే ఉన్న కాత్తాన్‌కుడిలో రెండు మసీదుల్లో ప్రార్థన చేస్తున్నవారిని కాల్చి చంపారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆ రోజు మా జిల్లా తీరంలోనూ ప్రాణాలు పోయాయి గాని, అక్కడి నష్టం ముందు మన నష్టం గురించి మాట్లాడడానికి నోరు రాదు. 2019 ఈస్టర్ ఆదివారం నాడు ఊళ్లోని జియోన్ చర్చిలో పేలిన బాంబుకు బలైనవారిలో ఎందరో చిన్నపిల్లలు. ఇన్ని తేదీలు దాటి వచ్చిన ఊళ్లో, పిల్లలెంతమంది అనే ప్రశ్నకు జవాబు చెప్పడం కొందరికి ఎంత కష్టమో ఊహించవచ్చు.

ప్రశ్నలు లేకుండా మనిషిని తెలుసుకోవాలంటే పని పక్కన కూర్చోవాలి. నాకు ముందుగా దగ్గరైనది మాతర నుంచి వచ్చిన సింహళ యువతి. విశ్వవిద్యాలయం చదువు అయ్యాక, దేశంలో తనకు తెలియని సగాన్ని చూడాలని వచ్చానని తనంతట తానే చెప్పింది. ఆమెకు తమిళం రాదు. నాకు చెన్నై వీధుల్లో పట్టుకున్న తమిళం తప్ప మరొకటి రాదు, చదవడం అసలే రాదు. నేను తరగతిలో నోరు విప్పితే సినిమాలో హాస్యనటుడిని చూసినట్టు పిల్లలు నవ్వేవారు. అక్కడి తమిళం నిదానంగా, ఒక్కో మాట పూర్తిగా పలికే తమిళం. అందుకని సాయంత్రాలు మేమిద్దరం ఒకే పలక మీద అక్షరాలు దిద్దుకునేవాళ్లం, కుట్టుపని నేర్చుకునే పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒకతె మాకు పంతులమ్మ. ఆమె దగ్గర మాతర అమ్మాయికి నాకంటే ఎప్పుడూ ఎక్కువ మార్కులే పడేవి.

జర్మనీ నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల అమ్మాయి మరో రకం. బడి చదువు ముగిశాక ఏడాదిపాటు విదేశంలో సేవ చేసి రావడం వాళ్ల దేశంలో చాలామంది పిల్లలు చేసే పని. ఆమె వేళ తప్పకుండా వచ్చేది, చెప్పిన పని చెప్పినట్టు చేసేది, సాయంత్రం ఐదు కాగానే తలుపు మూసుకుని పుస్తకం పట్టుకునేది. ఆ పిల్లకు పొగరని వంటింట్లో కొందరు అనుకున్నారు. నాకు అలా అనిపించలేదు. రోజంతా మనుషుల మధ్య ఉండడం మనకు ఊపిరి పీల్చినంత సహజం గాని, ఒంటరిగా ఒక గంట కావాలనుకోవడం నేరం కాదు. పౌర్ణమి నాడు అక్కడ దేశమంతటా సెలవు. ఒక పౌర్ణమి రాత్రి అందరం కల్లడి వంతెన దగ్గర పడవెక్కి, తెడ్డు ఒక కొస నీళ్లలో ఉంచి మరో కొస చెవికి ఆనించుకుని, ఆ ఊరు ఎప్పటి నుంచో చెప్పుకునే పాడే చేపల కోసం విన్నాం. అది చేపల చప్పుడా నత్తల చప్పుడా అన్న వాదం అక్కడ ఇప్పటికీ ఉంది. నాకైతే ఏమీ వినపడలేదు. ఆ జర్మనీ అమ్మాయి మాత్రం విన్నానని పట్టుబట్టి, ఆ చప్పుడు ఎలా ఉందో గొంతుతో చేసి చూపించేసరికి పడవంతా నవ్వులు. మరుసటి రోజు నుంచి వంటింట్లో ఆమెకు టీ ముందుగా అందేది.

వంటింటి ప్రసక్తి వచ్చింది కనుక అమ్మమ్మ గురించి చెప్పాలి. అరవై దాటిన ఆ వంటావిడను అందరూ అమ్మమ్మ అనే పిలిచేవారు, నన్ను ఆవిడ తంబీ అనేది. పొద్దున్నే పిట్టు, దాని మీదికి కొబ్బరిపాల పులుసు, గేదె పెరుగు పెట్టేది. ఆ పెరుగుకు మట్టక్కళప్పు పేరున్న ఊరు. ఒక ఆదివారం నేను నెల్లూరు చేపల పులుసు చేస్తానన్నాను. చింతపండు పులుసులో పచ్చిమామిడి ముక్కలు వేస్తుంటే చూసి, ఇంత పులుపు మనుషులు తింటారా అన్నట్టు ముఖం పెట్టి, కొబ్బరిపాల గిన్నె నా పక్కన తెచ్చి పెట్టింది. నేను దాన్ని ముట్టుకోలేదు. ఇది ఈ పూట తినేది కాదు, రేపటికి ఊరాలని చెప్పి చట్టి మూత పెట్టాను. అది ఊరుతుండగా, మధ్యాహ్నమంతా వంటింటి అరుగు మీద కూర్చుని, 2022లో గ్యాసూ పెట్రోలూ దొరకని నెలల్లో ఈ కేంద్రాన్ని ఎలా నడిపారో ఆవిడ చెప్పుకొచ్చింది. సిలిండరు వరుసలో రాత్రంతా నిలబడడం, చివరికి కొబ్బరిడొక్కల పొయ్యి మీద నలభై మందికి వండడం, అప్పటి నిర్వాహకులు జీతం సగమే ఇవ్వగలమన్నప్పుడు ఒక్కరూ మానేయకపోవడం. చెబుతున్నంతసేపూ తనను గురించి ఒక్క మాట లేదు, అంతా కేంద్రం గురించే. అయినా ఆవిడ ఎలాంటి మనిషో అందులోనే తెలిసింది. మరునాడు ఉదయం పిట్టులో ఆ పులుసు పోసుకుని తిని, ఉప్పు తక్కువైందని మాత్రం అన్నది.

సైకిళ్ల మరమ్మతు నేర్పే అన్న అందరిలోకీ తక్కువ మాటలవాడు. కేంద్రం వ్యాను నడిపేదీ ఆయనే. పిల్లలను ఇళ్ల దగ్గర దింపడానికి వెళ్లేటప్పుడు నన్ను తోడు రమ్మనేవాడు, కాని గంట ప్రయాణంలో నాలుగు మాటలు దొర్లితే గొప్ప. 1924లో కట్టిన కల్లడి ఇనుప వంతెన పక్కనే 2013లో తెరిచిన కొత్త వంతెన మీద వ్యాను పోతుంటే ఆయన ఒక్కోసారి పాత వంతెన వైపు చూసేవాడు. ఒక సాయంత్రం కచ్చాన్ గాలి విడవకుండా కొడుతున్నప్పుడు, మన వడగాలికి ఏమాత్రం తీసిపోని ఆ గాలికి మొహాలు మాడిపోతుంటే, సముద్రం వైపు పోదామని నావలడికి తీసుకువెళ్లాడు. ఇసుకలో నిలబడి, చేత్తో ఒక చోటు చూపించి, "మా ఇల్లు ఇక్కడ ఉండేది" అన్నాడు. నేను ఏమీ అడగలేదు. కొంతసేపటికి ఆయనే తమ ఇంటి వాకిట్లో ఉన్న చెట్టు గురించి, తండ్రి వల వేసే పద్ధతి గురించి చెప్పాడు. మా జువ్వలదిన్నె వైపు వలలు ఎలా వేస్తారని నన్ను అడిగాడు. నాకు తెలిసింది కొంచెమే అయినా అదే చెప్పాను. ఇంట్లో ఎంతమంది అనే లెక్క ఆ సాయంత్రమూ రాలేదు, ఆ తరువాతా రాలేదు. నేను కావలిలోనే ఉండి ఉంటే ఆ లెక్క తెలియకుండా స్నేహం సాధ్యమని ఒప్పుకునేవాడిని కాను.

ఆ అన్నే ఒకనాడు వ్యానులో, మీ భాష మాట్లాడే జనం ఇక్కడికి దగ్గరలోనే ఉన్నారని తేలికగా అనేశాడు. పాములాడించడం, చేయి చూసి జాతకం చెప్పడం వృత్తిగా ఊరూరూ తిరిగి, గత కొన్ని తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లు శ్రీలంకలో ఉన్నారు. సింహళంలో వారిని అహికుంటక అంటారు. మట్టక్కళప్పు నుంచి దక్షిణంగా తీరం వెంట అరవై కిలోమీటర్ల పైచిలుకు పోతే అక్కరైపత్తు వస్తుంది, దాని సమీపంలోని అలిగంబె వాళ్ల ఊరు. ఆ ఊరివారు కేథలిక్కులు. సెలవు రోజున నేను, ఆ అన్న, మాతర అమ్మాయి కలిసి బస్సెక్కాం. దారిలో మాతర అమ్మాయి, కండి రాజ్యాన్ని 1739 నుంచి 1815 వరకు ఏలిన నాయక రాజులూ మీ వైపు నుంచి వచ్చినవాళ్లేనని బడిలో చదువుకున్నానని చెప్పి, చివరి రాజు వెల్లూరులో బందీగా 1832లో చనిపోయిన సంగతి నాకు గుర్తుచేసింది. రాజుల కథ ఆమెకు పాఠ్యపుస్తకంలో ఉంది. పాములాడించేవాళ్ల కథ మాత్రం లేదట.

అలిగంబెలో చెట్టు కింద కూర్చున్న ఒక ముసలావిడను నేను తెలుగులో పలకరించాను. ఆవిడ నా వైపు అనుమానంగా చూసి, నా మాట మళ్లీ విని, తరువాత ఆగకుండా మాట్లాడింది. సగం నాకు పట్టుబడింది, సగం పట్టుబడలేదు. కాని ఆవిడ అడిగినవి మాత్రం అచ్చంగా మా ఊరి ప్రశ్నలే: ఏ ఊరు, పెళ్లయిందా, అమ్మ ఉందా, అంత దూరం నుంచి వచ్చినవాడివి తిన్నావా. అన్నింటికీ వరుసగా జవాబులు చెబుతుంటే ఎన్నో వారాలుగా బిగబట్టినదేదో వదులైనట్టు అనిపించింది. అన్నాళ్లూ నాకు దుబాసీగా ఉన్న అన్నకు ఆ గంటసేపు నేను దుబాసీనయ్యాను. ఆవిడ ఆయననూ అడిగింది, ఇంట్లో ఎవరెవరున్నారని. నేను తమిళంలోకి మార్చనా మానాలా అని తటపటాయిస్తుండగా, ఆవిడ చేతి సైగలతోనే ప్రశ్న గ్రహించి, ఆయన తమిళంలో నేరుగా జవాబు చెప్పాడు. ఆ జవాబు ఇక్కడ రాయను. ఊళ్లో పిల్లలందరూ తమిళంలోనే ఆడుకుంటున్నారు. తెలుగు పెద్దవాళ్ల నోటనే ఎక్కువగా వినిపించింది. తిరుగు బస్సులో ఆ విషయం మాట్లాడుకున్నాం గాని, దానికి మేము చేయగలిగింది ఏమీ లేదని ముగ్గురికీ తెలుసు.

కేంద్రంలో లెక్కలు రాసే కాత్తాన్‌కుడి సోదరుడితో పరిచయం ఆలస్యంగా కుదిరింది. నాది గణితం, ఆయనది జమాఖర్చు. సాయంత్రం టీ దగ్గర ఇద్దరం విద్యార్థుల మార్కుల పట్టికలు పరచుకుని కూర్చునేవాళ్లం. 2019 ఈస్టర్ బాంబుల తరువాత కొన్నాళ్లు తన ఊరి పేరు చెప్పగానే మనుషులు దూరం జరిగారని, అక్క మాత్రం మరునాడే ఇంటికి వచ్చి ఎప్పటిలాగే పనికి తీసుకువెళ్లిందని ఒకసారి చెప్పాడు. నెల్లూరు రొట్టెల పండుగ గురించి నేను చెప్పినప్పుడు ఆసక్తిగా విన్నాడు గాని, దర్గా పద్ధతులు తాను పాటించనని అప్పుడే స్పష్టంగా అన్నాడు.

నేను తిరిగి వచ్చిన తరువాత, తల్లికి చెన్నైలో వైద్యం చేయించడానికి ఆయన వచ్చాడు. అవి మొహర్రం రోజులు కావడంతో ఒక పూట నెల్లూరు వచ్చాడు, నేను కావలి నుంచి వెళ్లి కలుసుకున్నాను. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె అంటూ అన్ని మతాలవాళ్లూ నీళ్లలో నిలబడి ఇచ్చిపుచ్చుకుంటుంటే, ఆయన గట్టు మీదే నిలబడి, ఇంత జనానికి తాగునీరు ఎక్కడి నుంచి తెస్తారు, తప్పిపోయిన పిల్లలను ఎవరు వెతుకుతారు అని నన్ను అడుగుతూ పోయాడు. నీళ్లలోకి దిగలేదు, నేనూ బలవంతపెట్టలేదు. తరువాత దగ్గరలోని హోటల్లో కూర్చున్నాక, అక్క పంపిందంటూ సంచీలోంచి పిల్లల నమూనా పరీక్ష జవాబు పత్రాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. తమిళంలో రాసిన మాటలను ఆయన చదివి చెబుతుంటే నేను మార్కులు వేశాను. త్రికోణమితిలో సగంమంది ఇంకా తప్పుతూనే ఉన్నారు. మెట్లకు మార్కులు ఇవ్వకుండా ఇంత పిసినారితనమేమిటని ఆయన నాతో పోట్లాడాడు. రెండు పత్రాలకు మార్కులు పెంచాను, మిగిలినవి పెంచలేదు.