లైట్‌హౌస్‌గాడు చెప్పేశాడు

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ తరఫున మన కిళ్ళీగాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. "వార్షికోత్సవం నాటకం గురించి రాయరా, అందరూ చదువుతారు" అన్నాడు. నాటకం సంగతి కిటికీ బెంచీ వాళ్ళు ఎలాగూ రాస్తారు. నాకు రాయాలని ఉన్నది ఆ రెండు శనివారాల గురించి. మీ అందరికీ తెలిసిన కథే గాని, నా నోటితో నేనెప్పుడూ చెప్పలేదు.

టెన్త్ పరీక్షలకి నెల ముందు. ఒంటిపూట బడి వదలగానే మేం నలుగురం విశాఖ కోస్టల్ బ్యాటరీ దగ్గర సముద్రంలో దిగాం. లైట్‌హౌస్‌గాడికి ఈత రాదు. ఎప్పటిలాగే బండ మీద పొడుగు కాళ్ళు ముడుచుకుని, మా చొక్కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మన తీరం సంగతి తెలిసిందే కదా, మోకాలి లోతే అనుకునేలోగా కాలికింద ఇసుక జారిపోతుంది. వెనక్కి లాగే నీళ్ళు కిళ్ళీని పట్టుకుపోయాయి. తల ఒకసారి కనిపించింది, మళ్ళీ లేదు. మేం ముగ్గురం కొయ్యబారిపోయాం. చొక్కాలు విసిరేసి, వలలు బాగుచేసుకుంటున్న జాలర్ల దగ్గరికి అరుస్తూ పరిగెత్తింది లైట్‌హౌస్‌గాడే. వాళ్ళలో ఇద్దరు దూకి, కిళ్ళీని జుట్టు పట్టుకుని లాక్కొచ్చారు. "బేగి ఇళ్ళకి పోండి గుంటల్లారా" అని పెద్దాయన కసిరాడు.

దారిలో కిళ్ళీ తల మీద చేతులు పెట్టి ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేసుకున్నాం. లైట్‌హౌస్‌గాడూ వేశాడు.

వారం తిరిగేసరికి మళ్ళీ వెళ్ళాం, కిళ్ళీతో సహా. వాడు మాత్రం రానన్నాడు. తిరిగొచ్చేటప్పుడు వీధి కొళాయి దగ్గర తలలు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు స్పెషల్ క్లాసులో కూర్చున్నాం. డ్రిల్లు మాస్టారు లోపలికొచ్చి తిన్నగా నా దగ్గరికే వచ్చారు. నా చెయ్యి పట్టుకుని ముంజేతి మీద గోటితో గీశారు. తెల్లగా చార తేలింది. ఉప్పునీళ్ళలో మునిగొచ్చిన ఒళ్ళు అబద్ధం చెప్పదు. మిగతా ముగ్గురి చేతులూ గీశారు. ఎవరు చెప్పారో ఆయన అనలేదు. లైట్‌హౌస్‌గాడే లేచి నిలబడి, "నేనే చెప్పానురా" అన్నాడు.

నలుగురినీ గ్రౌండులో మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. కాసేపటికి వాడూ వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నిన్నెవరు రమ్మన్నార్రా?" అని మాస్టారు అరిచినా లేవలేదు. నేను లేచి కిళ్ళీకి అవతలి పక్కకి జరిగాను.

ఆ తర్వాత బడి అయిపోయేదాకా వాడితో మాట్లాడలేదు. ఈ సంచికలో వేస్తున్న గ్రూప్ ఫోటో చూడండి. చివరి వరసలో ఈ కొసన నేను, ఆ కొసన వాడు. మాట్లాడటం మానేస్తానని వాడికి ముందే తెలుసు. తెలిసే మాస్టారి గది దాకా వెళ్ళాడు. ఇది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

పాలిటెక్నిక్, ఉద్యోగం, పెళ్ళి, భిలాయి. నాన్న పోర్టులో కళాసీగా బస్తాలు మోసిన ఇంట్లోంచి వెళ్ళి, ఒక విభాగానికి పెద్దగా రిటైరయ్యాను. అమ్మాయి డాక్టరు. ఇవన్నీ నాన్న చూసి ఉంటే బాగుండేది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను గురించి మీకు నేను చెప్పేదేముంది, మీరంతా అందులో ఉన్నారు. నేను లేను. ఎయిర్‌పోర్ట్ పైకప్పు లేచిపోవడం భిలాయిలో టీవీ ముందు కూర్చుని చూశాను. పెదవాల్తేరులో పెంకుటింట్లో అమ్మ ఒక్కతే ఉంది. ఎవరికి చేసినా ఫోన్ కలవలేదు. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు తెలియని నంబరు నుంచి ఫోన్.

"ఏరా, నేను."

అన్నేళ్ళ తర్వాత కూడా గొంతు గుర్తుపట్టాను.

"మీ అమ్మ బాగుంది. వంటింటి పెంకులు లేచిపోతే టార్పాలిన్ కట్టాను. కానీ జారిపడింది, మోకాలు వాచింది, నడవలేకపోతోంది. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది. బేగి బయల్దేరు."

నాకు మాట రాలేదు. దొరికిన రైలు పట్టుకుని వచ్చాను. వాడు గోపాలపట్నం నుంచి అమ్మ దగ్గరికి, రోడ్ల మీద పడిపోయిన చెట్లు వచ్చినచోటల్లా సైకిలు ఎత్తుకుని దాటిస్తూ, హ్యాండిల్‌కి మంచినీళ్ళ డబ్బా కట్టుకుని వచ్చాడట. ఊరంతా నీళ్ళకీ పాలకీ లైన్లలో నిలబడ్డ రోజులవి. వాడింటి రేకులు కూడా ఎగిరిపోయాయని వాడు చెప్పలేదు. అది చెప్పింది నువ్వే కిళ్ళీ.

ఒట్టు తప్పి అమ్మ మోకాలి సంగతి ఎందుకు చెప్పేశావని నేను వాడిని అడగలేదు. వాడికి కాఫీ కలిపి ఇచ్చాను. ఇద్దరం అరుగు మీద కూర్చుని తాగాం.

ఈసారి అందరం కలిసినప్పుడు కూడా గ్రూప్ ఫోటో ఉందని కమిటీ వాళ్ళు చెప్పారు. ఫోటోగ్రాఫర్ ఎవరైనా సరే, చివరి వరసలో లైట్‌హౌస్‌గాడి పక్క చోటు నాది. రెండో పక్క నీది కిళ్ళీ, ఇంకెవరికీ ఇవ్వకు.