పెద్ద మాటలు దారికొచ్చాయి, చిన్న మాటలే ఏడిపించాయి

మొదటి మాక్ టెస్టులో ఇంగ్లీషుకు నాకు వచ్చింది 50కి పదిన్నర. పందొమ్మిది ప్రశ్నలకు జవాబులు పెడితే ఎనిమిది కరెక్టు, పదకొండు తప్పు. ఒక్కో కరెక్టుకు రెండు మార్కులు, ఒక్కో తప్పుకు అర మార్కు కోత. ఆ రాత్రి హాస్టల్‌లో అన్నం తినకుండానే పడుకున్నాను.

మాది పరకాల దగ్గర పల్లె. పది, ఇంటర్, డిగ్రీ అన్నీ తెలుగు మీడియమే. డిగ్రీ అయ్యాక ఎస్సెస్సీ సీజీఎల్‌కు చదువుకుంటానని హన్మకొండ వచ్చాను. ఊళ్లో ఆ మాట చెబితే మా పక్కింటి పెద్దమ్మ "అయ్యో, పది ఎప్పుడు తప్పినవ్ బిడ్డా?" అని అడిగింది. మన దగ్గర ఎస్సెస్సీ అంటే పదో తరగతే కదా! కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే పరీక్ష ఇది వేరే అని ఆమెకు నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ పరీక్ష మొదటి దశలో గంటలో 100 ప్రశ్నలు, 200 మార్కులు. అందులో ఇంగ్లీషువి 25 ప్రశ్నలు. లెక్కలు, రీజనింగ్ నాకు పర్వాలేదు. ఇంగ్లీషులోనూ గ్రామర్ ఎట్లాగో నెట్టుకొచ్చేదాన్ని. పదాల అర్థాలు, వ్యతిరేక పదాలు, ఒక వాక్యానికి ఒకే మాట చెప్పడం, జాతీయాలు... ఇక్కడికి రాగానే చేతులెత్తేసేదాన్ని.

నేను చేరిన కోచింగ్ సెంటర్‌లో దీనికి ఒకటే మందు. రోజుకు యాభై పదాలున్న జిరాక్స్ కాగితం ఇస్తారు, మర్నాడు అప్పజెప్పాలి. ఎదురుగా ఒక్క ముక్క తెలుగు అర్థం, అంతే. కాగితాలు ఎ నుంచి మొదలయ్యేవి. నెల తిరిగేసరికి ఎ అక్షరం బాగానే వచ్చింది, బి సగం వచ్చింది, సి నుంచి అంతా చీకటి. నిద్రలో నడిచేవాడిని సామ్నాంబులిస్ట్ అంటారని ఇరవై సార్లు రాశాను. పరీక్షలో ఆ మాట కనిపిస్తే రాత్రిళ్లు రాసుకున్న సంగతి గుర్తొచ్చింది, అర్థం మాత్రం గుర్తురాలేదు. ఇదేంటి సార్ అని అడిగితే "ఇంకో ఇరవై సార్లు రాయి" అన్నారు. మూడో నెల ఫీజు కట్టకుండా మానేశాను.

దారి చూపించింది తాకట్టు. నిజంగానే. బోరు, మోటారు కోసం మా బాపు భూమి మీద లోను తీసుకున్నాడు. ఆ బ్యాంకు కాగితాల్లో మార్ట్‌గేజ్ అని ఉంది. తాకట్టు అని నాకు తెలుసు. కానీ ఆ రోజెందుకో మాటను విరిచి చూశాను. మార్ట్ అంటే ఏంటి? ఫోన్‌లో డిక్షనరీ తెరిచి అర్థం దగ్గర ఆగకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉండే పుట్టుక దాకా వెళ్లాను. పాత ఫ్రెంచిలో మార్ట్ అంటే చచ్చిన, గేజ్ అంటే హామీ. చచ్చిన హామీ! అప్పు తీరితే హామీ చచ్చినట్టు, తీరకపోతే భూమి మనకు చచ్చినట్టు అని ఇంగ్లండ్ న్యాయకోవిదులు దానికి వివరణ రాశారట. చదివి కాసేపు అట్లాగే కూర్చున్నాను. బాపుకు చెప్పలేదు.

ఆ ఒక్క మార్ట్ పట్టుకుని లాగితే తీగ మొత్తం కదిలింది. మార్చురీ తెలియని వాళ్లెవరు? పోస్ట్‌మార్టం అంటే ఊళ్లో అందరికీ తెలుసు. మోర్టల్ అంటే చావున్న ప్రాణి, ఇమ్మోర్టల్ అంటే చావు లేనిది. వీటన్నిటి వెనక ఉన్న లాటిన్ మాటకూ మన మృత్యువుకూ చుట్టరికం ఉందని తెలిసినప్పుడైతే పక్క మంచం మీది అక్కను నిద్రలేపి మరీ చెప్పాను. ఆమె తిట్టింది, అది వేరే సంగతి.

కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ 1786లో చెప్పిన మాట ఇదే. సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని. ఇంగ్లీషులో కష్టమైన మాటలు చాలావరకు లాటిన్, గ్రీకు నుంచి వచ్చినవే. మన తెలుగులో సంస్కృతం మాటలు బోలెడు. అంటే మధ్యలో వంతెన ఉన్నట్టే కదా! దంతం పక్కన డెంటల్, పాదం పక్కన పెడల్, దానం పక్కన డొనేషన్, సర్పం పక్కన సర్పెంట్, అగ్ని పక్కన ఇగ్నిషన్, నావ పక్కన నేవీ రాసుకున్నాను. వేయిస్తంభాల గుడికి వెళ్తే పూజారి "గోత్రనామాలు?" అని అడుగుతుండగా నా మనసులో నామినీ, నామినల్, ఎనానిమస్ తిరుగుతున్నాయి. పేరు లేనివాడు ఎనానిమస్, అనామకుడు. ఒకదాంట్లో ముందున్న 'అన్', రెండోదాంట్లో ముందున్న 'అ', రెండూ లేదనే చెబుతున్నాయి.

తమాషా ఏమిటంటే ఇంట్లో మాట్లాడే మాటలు దీనికి పనికిరావు. పల్లు, కాలు, పాము, నిప్పు, పేరు పట్టుకుని వెతికితే ఇంగ్లీషులో ఒక్క చుట్టమూ దొరకదు. అవి అసలు తెలుగు మాటలు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వేరే కుటుంబమని మద్రాసులో ఎల్లిస్ అనే దొర 1816లోనే రాశాడు. కాబట్టి మా అవ్వ మాటలో దొరకని ఇంగ్లీషు నాకు పూజారి మాటలో దొరికింది.

ఇంకో హెచ్చరిక కూడా. వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన చుట్టాలు కావు. మనం బద్నాం అంటాం కదా, పేరు చెడిపోవడం. అందులోని నాం అనే ఫార్సీ మాట ఇంగ్లీషు నేమ్‌కు నిజంగానే దూరపు చుట్టం. కానీ బద్‌కూ ఇంగ్లీషు బ్యాడ్‌కూ ఏ సంబంధమూ లేదు. ఒకే అర్థం, దాదాపు ఒకే శబ్దం, అయినా ఉత్త కాకతాళీయం. ఇది తెలిసేదాకా నా నోట్‌బుక్‌లో సగం చుట్టరికాలు నేను కలిపినవే.

ఇట్లా పెద్ద పెద్ద మాటలు దారికొచ్చాయి. ఆమ్ని అంటే సర్వ, కాబట్టి ఆమ్నిసియంట్ సర్వజ్ఞుడు. సైడ్ అని చివర వస్తే చంపడం, కాబట్టి ప్యాట్రిసైడ్ పితృహత్య. హైడ్రోఫోబియా గురించి చెప్పనక్కర్లేదు, పిచ్చికుక్క కరిస్తే నీళ్లంటే బెదురుతారని చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఇక ఇంగ్లీషు అయిపోయిందనుకున్నాను. మాక్ రాస్తే 50కి ఇరవై రెండు!

ఎక్కడ పోయాయని చూస్తే, అన్నీ నాకు వచ్చనుకున్న మాటల దగ్గరే. శాంక్షన్ అంటే మంజూరు. లోను శాంక్షన్ అయింది, పింఛను శాంక్షన్ అయింది అని ఎన్ని సార్లు వినలేదు? పరీక్ష పేరాలో మాత్రం ఒక దేశం మీద శాంక్షన్లు పెట్టారట. అంటే ఆంక్షలు, శిక్ష. ఒకే మాటకు ఇవ్వడమూ బిగించడమూ రెండూనా? లాటిన్‌లో దాని మూలానికి శాసనం చేసి ఖాయం చేయడమని అర్థం. శాసనం ఒప్పుకుంటే అనుమతి, మీరితే శిక్ష. ఓవర్‌సైట్ కూడా ఇట్లాంటి రెండు నాలుకల మాటే. పైనుండి చూసుకోవడమూ అదే, చూడకుండా వదిలేసిన పొరపాటూ అదే.

లాట్ అయితే ఏనుమాముల మార్కెట్‌లో పుట్టినట్టే అనుకునేదాన్ని నేను. బాపుతో పత్తి అమ్మడానికి వెళ్లినప్పుడు అడ్తి దగ్గర వినేది అదే మాట, ఈ లాట్ ఎంత, ఆ లాట్ ఎవరిది అని. ప్రశ్నలో వచ్చింది మాత్రం 'హి యాక్సెప్టెడ్ హిజ్ లాట్'. వాడు సరుకు తీసుకున్నాడని పెట్టాను. జవాబు, తన తలరాతకు ఒప్పుకున్నాడని. వెనక్కి వెళ్లి చూస్తే లాట్ అంటే మొదట్లో చీట్లు వేసేటప్పుడు వాడే పుల్లో, చెక్కముక్కో. అందులో వచ్చిన వాటా లాట్, ఆ వాటాగా వచ్చిన భూమి లాట్, రాసిపెట్టి ఉన్నది లాట్, సరుకు కుప్ప కూడా లాట్. పత్తి ధర చెప్పే రోజు బాపు ముఖం చూసినదాన్ని నేను. సరుకుకూ తలరాతకూ ఒకే మాట ఉండటం నాకు వింతగా అనిపించలేదు.

అసలు ఏడిపించినవి పుట్, గెట్, సెట్, రన్ లాంటి బుడ్డ మాటలు. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పుట్ అవుట్ అంటే ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే భరించడం. ఇందులో పెట్టడం ఎక్కడుంది? ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో సెట్ అనే క్రియ ఒక్కదానికే 400కు పైగా అర్థాలున్నాయని చదివి పుస్తకం మూసేశాను. సామ్నాంబులిస్ట్‌కు ఒక్కటే అర్థం పాపం, దాన్ని అనవసరంగా తిట్టుకున్నాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు దీనికి విరుగుడు దొరికింది. మా తమ్ముడు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. పొద్దున చేనుకు మందు కొట్టిండట, బండికి గాలి కొట్టించిండట, ఎండ బాగా కొడుతోందట, ఊళ్లో బోర్ కొడుతోందట, గుళ్లో కొబ్బరికాయ కొట్టి వచ్చి మళ్లీ ఫోన్ కొడతాడట. విని నాకు నవ్వాగలేదు. వీటిలో దెబ్బ పడింది కొబ్బరికాయకు ఒక్కదానికే. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషు పిల్ల ఎవరైనా కొట్టు అంటే ఒకే అర్థం రాసుకుని కూర్చుంటే నాలాగే పదిన్నర మార్కులు తెచ్చుకుంటుంది.

ఆ రాత్రే పాత నోట్‌బుక్ పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టాను. మాటకు ఎదురుగా అర్థం రాయడం బంద్. ఒక్కో మాటకు మా ఊరి వాక్యం ఒకటి ఇంగ్లీషులో రాయాలి. వర్షం పడి మా అవ్వ మిర్చి ఎత్తడం పుట్ ఆఫ్ చేసింది. కరెంటు కోతను మా వాడకట్టంతా పుట్ అప్ విత్ చేస్తోంది. తప్పులుంటే ఉండనీ, బాపును, అవ్వను, పక్కింటి పెద్దమ్మను వాక్యాల్లోకి లాగేసరికి మాట మరుపు రాలేదు. రోజుకు యాభై కాదు, ఎనిమిది. ఆదివారం కొత్తవి లేవు, పాతవి చదవడమే. గ్రంథాలయంలో ఇంగ్లీషు పేపర్ ఎడిటోరియల్ ఒకటి చదివి, తెలియని మాటల కన్నా ముందు తెలిసిన మాట వేరే అర్థంలో ఎక్కడ వచ్చిందో గీత గీసేదాన్ని. నా మట్టుకు ఎక్కువ పనిచేసింది ఆ గీతలే.

ఆ వెతుకులాటలోనే బాండికూట్ దొరికింది. ఇంగ్లీషు డిక్షనరీలో ఉన్న ఆ జంతువు మన పందికొక్కే! తెలుగు మాట అచ్చంగా వెళ్లి అక్కడ కూర్చుంది. ఆస్ట్రేలియాలో ఉండే, పొట్ట కింద సంచి ఉండే వేరే జంతువుకు కూడా తెల్లవాళ్లు ఆ పేరే పెట్టేశారు. మా వరి గట్లన్నీ తొలిచేసే దానికి ఇంత పేరుందని బాపుకు చెబితే "గయ్యి గూడ అక్కడికే తీస్కపోతే మంచిగుండు" అన్నాడు.

నైస్ అనే మాటకు ఒకప్పుడు తెలివితక్కువ అని అర్థమట. ఇంగ్లీషుకు నిలకడ లేదని నవ్వబోయాను కానీ, మన కంపు కూడా పాత కావ్యాల్లో సువాసనే. అందుకని నోరు మూసుకున్నాను.

రెండోసారి రాసిన పరీక్షలో ఇంగ్లీషుకు నలభైన్నర వచ్చింది. రెండో దశలో ఇంగ్లీషువి 45 ప్రశ్నలు, ఒక్కోటి మూడు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. అక్కడ లెక్కలు చెయ్యి వదిలేస్తే ఇంగ్లీషే లాక్కొచ్చింది. తర్వాత ఎదురుచూపులు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, మళ్లీ ఎదురుచూపులు. అదంతా అందరికీ ఉండేదే.

ఉద్యోగం కాగితం వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. వాకిట్లో నిలబడి పైకి చదివాను, హైదరాబాద్ ఆఫీసులో ఫలానా తారీకున డ్యూటీకి రిపోర్ట్ చేయాలని. చాటలో బియ్యం చెరుగుతున్న అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"రిపోర్టా? ఏం రిపోర్టు? రక్తం పరీక్ష ఎప్పుడు చేయించినవ్ బిడ్డా, నాకు చెప్పనే లేదు!"

కాగితం బాపు చేతికిచ్చి లోపలికి వెళ్లి నోట్‌బుక్ తీశాను. ఆర్ అక్షరం పేజీలో ఆ మాట లేనే లేదు.