పెన్‌డ్రైవ్ ఇచ్చిన అన్న పేరు ఎక్కించడానికి పట్టిన మూడు వారాలు

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగును యూనికోడ్‌లోకి (ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదివే పద్ధతిలోకి) మార్చే చిన్న ఉచిత ప్రోగ్రాం ఒకటి మేం కొందరం కలిసి చాలా ఏళ్లుగా నడుపుతున్నాం. నేనుండేది ఒంగోల్లో. కోడ్ మొత్తం సబ్‌వర్షన్‌లో, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచిపెట్టే ఎస్‌వీఎన్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. కొత్తగా చేయి వేద్దామని వచ్చిన కుర్రాళ్లు "ఎస్‌వీఎన్ అంటే ఏంటన్నా?" అని అడగడం మొదలయ్యాక ఇక లాభం లేదనిపించింది. జీసీసీ అనే పేరున్న ఉచిత కంపైలర్, అంతటి కొండే 2020 జనవరిలో ఎస్‌వీఎన్ వదిలి, అదే పని చేసే గిట్‌కి వెళ్లిపోయింది, మా 1,100 రివిజన్లు (మార్పుల నమోదులు) ఎంత? ఒక ఆదివారం పని అనుకున్నా.

ఎస్‌వీఎన్ చరిత్రను గిట్‌లోకి తెచ్చే 'గిట్ ఎస్‌వీఎన్ క్లోన్' ఆదేశాన్ని నేరుగా సర్వర్ మీదే పెట్టాను. ఒక్కో రివిజన్నీ అడిగి తెచ్చుకుంటుంది కదా, నత్తనడక. మధ్యలో కరెంటు పోయింది. ఆగినచోటి నుంచే మళ్లీ అందుకుంటుంది గానీ నాకే ఓపిక లేదు. ఎస్‌వీఎన్‌ఆర్‌డంప్ అనే పనిముట్టుతో రిపాజిటరీ (కోడ్, దాని చరిత్ర) మొత్తం ల్యాప్‌టాప్‌లోకి దించుకుని, అక్కణ్నుంచి క్లోన్ చేస్తే టీ తాగొచ్చేసరికి అయిపోయింది. ముందే చేయాల్సిన పని. ట్యాగులన్నీ (విడుదలలకు పెట్టిన గుర్తులు) బ్రాంచీలుగా, అంటే విడి శాఖలుగా వచ్చి కూర్చున్నాయి, ఖాళీ ఫోల్డర్లు మాయమయ్యాయి. అవి ఒక సాయంత్రంలో సర్దుకున్నాయి.

అసలు చిక్కు పేర్ల దగ్గర వచ్చింది. ఎస్‌వీఎన్‌కి లాగిన్ పేరు చాలు. గిట్‌కి పేరూ, మెయిలూ రెండూ కావాలి. ఏ లాగిన్ ఎవరిదో ఒక ఫైల్లో రాసిస్తే దాన్ని చూసి మార్చుకుంటుంది, ఒక్కటి తప్పిపోయినా అక్కడే ఆగిపోతుంది. ఆ జాబితా రాస్తుంటే తట్టింది, నెల్లూరు అన్నకి లాగినే లేదు.

ఆయనది నెల్లూరు ట్రంకు రోడ్డులో డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు. ఆయన వాడే ఫాంట్‌లో క్రావడి (ర వత్తు) హల్లుకు ముందే కొట్టాలి, యూనికోడ్‌లో హల్లు తర్వాతే రావాలి. 'స్వాతంత్ర్యం'లో ఆ 'త్ర్య' ఏ కీలతో పడుతుందో మాకెవరికీ తెలీదు. ఆయన రాత్రిళ్లు కూర్చుని పట్టిక తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేవాడు, నేను ఎక్కించేవాణ్ని. లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో అన్నీ నా పేరే.

గిట్‌లో రాసినవాడు వేరు, ఎక్కించినవాడు వేరు, రెండు గడులు ఉంటాయి. అదృష్టం కొద్దీ ఆ రోజుల్లో ఎక్కించేటప్పుడు రాసే సందేశంలో 'పెన్‌డ్రైవ్' అని రాసే అలవాటు నాకు. ఆ మాట ఉన్న 37 కమిట్లకీ (గిట్‌లో మార్పుల నమోదులు), చరిత్రను తిరగరాసే ఫిల్టర్-రెపో అనే పనిముట్టుతో రచయితగా ఆయన పేరు పెట్టాను. ఇది అందరికీ పంచకముందే చేయాలి. ఒక్క కమిట్ మారితే దాని తర్వాత వచ్చేవాటి హ్యాష్‌లన్నీ (గుర్తింపు కోడ్‌లు) మారిపోతాయి.

మెయిల్ అడుగుదామని ఫోన్ చేశా.

"మెయిల్ ఎందుకబ్బయా, నా సెల్ నంబరు వేసుకో."

చివరికి వాళ్లమ్మాయి మెయిల్ ఇచ్చింది. పోయిన వారం షాపుకి వెళ్లి లాగ్ తెరిచి చూపించా. కళ్లద్దాలు పెట్టుకుని కిందిదాకా చూశాడు.

"మొదట్లో ఒకసారి క్రావడి తప్పు కొట్టిచ్చినాను. అది గూడా ఉండాదా ఇందులో?"

"ఉందన్నా. అదీ నీ పేరు మీదే."