సీఆర్‌ఎన్‌ఏ అయ్యాక కాగితాల వరుస: నా అనుభవం

ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసి, అమెరికాలో ఐసీయూ డ్యూటీలు చేస్తున్న మనవాళ్లు సీఆర్‌ఎన్‌ఏ (ఆపరేషన్లకు మత్తు ఇచ్చే నర్సు) గురించి అడిగినప్పుడల్లా పరీక్ష గురించే అడుగుతారు. పరీక్ష కష్టమే, కాదనను. కానీ ఆ తేదీ వస్తుంది, ఆ రోజుతో అయిపోతుంది. ఎక్కువ కాలం పట్టుకునేది దాని తర్వాతి వరుస. సర్టిఫికేషన్ ఒకరిస్తారు, లైసెన్సు ఇంకొకరు, ఆసుపత్రిలో పనిచేసే అనుమతి మరొకరు, బిల్లు వేసే అర్హత వేరొకరు. ఒకరి కాగితం చేతికి రానిదే ఇంకొకరు ఫైలు కదల్చరు.

ముందు అర్హత సంగతి. కోర్సులో చేరాలంటే కనీసం ఏడాది ఐసీయూ అనుభవం ఉండాలి. అది అమెరికాలోనో, దాని భూభాగాల్లోనో, విదేశాల్లోని అమెరికా సైనిక ఆసుపత్రిలోనో చేసిందై ఉండాలి. హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో పదేళ్లు వెంటిలేటర్లు చూసినా ఈ లెక్కలోకి రాదు. డిగ్రీ తప్పనిసరి, కాబట్టి జీఎన్‌ఎం డిప్లొమా ఒక్కటే సరిపోదు. 2022 నుంచి కొత్తగా చేరేవాళ్లంతా డాక్టరేట్ స్థాయి కోర్సే చదవాలి. వ్యవధి కనీసం 36 నెలలు. అందులో 600 కేసులు, 2,000 క్లినికల్ గంటలు పూర్తి కావాలి.

ఆ కేసుల చిట్టా గురించి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చాలాసార్లు అక్కరకొస్తుంది. కేసులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ లాగిన్ కోర్సు ముగిశాక ఆగిపోవచ్చు. నేను ముందే వయసులవారీగా, పద్ధతులవారీగా మొత్తం పీడీఎఫ్ దించుకుని, ప్రోగ్రాం డైరెక్టర్ సంతకం పెట్టించి ఉంచుకున్నాను.

మనకే ప్రత్యేకమైన ఇంకో చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో పెళ్లికి ముందు పేరు, గ్రీన్‌కార్డులో భర్త ఇంటిపేరు. పరీక్ష కేంద్రంలో గుర్తింపు కార్డు మీది పేరు, హాల్‌టికెట్ మీది పేరు కలవకపోతే లోపలికి రానివ్వరు. ఆసుపత్రి వాళ్లు కాలేజీకి రాసి ధ్రువీకరణ అడిగినప్పుడు, ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరని జవాబొస్తే ఫైలు అక్కడే ఆగుతుంది. అందుకే వాడిన ప్రతి పేరునూ ‘ఇతర పేర్లు’ అనే గడిలో రాసి, పెళ్లి సర్టిఫికెట్‌నో కోర్టు ఉత్తర్వునో ప్రతి దరఖాస్తుకూ జతచేశాను.

ఇక ఎన్‌సీఈ, అంటే సర్టిఫికేషన్ పరీక్ష. మత్తు నర్సులకు సర్టిఫికేషన్ ఇచ్చే జాతీయ బోర్డు ఎన్‌బీసీఆర్‌ఎన్‌ఏ పెట్టే ఈ పరీక్షలో ప్రశ్నలు 100 నుంచి 170 వరకు వస్తాయి, సమయం 3 గంటలు. వాటిలో 30 ప్రశ్నలు మార్కుల్లోకి రావు, అవి ఏవో మనకు తెలియదు. మీ జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది కాబట్టి వెనక్కెళ్లి దిద్దుకోవడం కుదరదు. 100 దగ్గరే ఆగితే పాసని కాదు, ఫెయిలనీ కాదు.

పాసయ్యాక రాష్ట్ర లైసెన్సు. ఇక్కడ చాలామంది పొరబడతారు. కాంపాక్ట్ లైసెన్సు (ఒకదానితోనే పలు రాష్ట్రాల్లో పనిచేయనిచ్చేది) ఆర్‌ఎన్‌కే, అంటే రిజిస్టర్డ్ నర్సుకే వర్తిస్తుంది, ఏపీఆర్‌ఎన్‌కి, అంటే సీఆర్‌ఎన్‌ఏ లాంటి పైస్థాయి నర్సుకు కాదు. రెండు రాష్ట్రాల్లో పనిచేయాలంటే రెండు చోట్లా దరఖాస్తు, రెండు చోట్లా ఫీజు. సర్టిఫికేషన్ రుజువు రాష్ట్ర నర్సింగ్ బోర్డుకు నేరుగా ఎన్‌బీసీఆర్‌ఎన్‌ఏ నుంచే వెళ్లాలి, మనం స్కాన్ చేసి పంపింది చెల్లదు. ఆపరేషన్ థియేటర్‌లో మందు ఎక్కించడానికి చాలాచోట్ల సొంత డీఈఏ నంబరు (నియంత్రిత మందులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నంబరు) అక్కర్లేదు, ప్రిస్క్రిప్షన్ రాయాలంటే మాత్రం కావాలి.

అసలు ఆలస్యమంతా ఆసుపత్రి అనుమతుల దగ్గర. మూడు నాలుగు నెలలు మామూలే. చదువు, లైసెన్సు, పాత ఉద్యోగాలు అన్నిటినీ మూలం నుంచే సరిచూసుకుంటారు. నెల దాటిన ఖాళీ ఏదున్నా రాతపూర్వకంగా కారణం అడుగుతారు. ఎన్‌క్లెక్స్ (ఆర్‌ఎన్ లైసెన్సు పరీక్ష) కోసం, వీసా కోసం ఇంట్లో కూర్చున్న కాలం మనలో చాలామందికి ఉంటుంది. నెలా సంవత్సరంతో రెండు ముక్కలు రాస్తే చాలు, దాస్తేనే చిక్కు. సిఫార్సు మీ పని కళ్లారా చూసిన సీఆర్‌ఎన్‌ఏ దగ్గర తీసుకోండి. యూనిట్ మేనేజర్ ఎంత మెచ్చుకున్నా, మత్తు పనికి ఆ ఉత్తరం పనికిరాదు.

అనుమతుల ఫారంలో మామూలు మత్తు పని అంతా ఒక గుంపుగా ఉంటుంది. నరాల బ్లాకులు, సెంట్రల్ లైన్లు, పసిపిల్లల కేసులు విడిగా అడగాల్సి రావచ్చు, ఎన్ని చేశారో రుజువు చూపాలి. పీడీఎఫ్ అక్కరకొచ్చేది ఇక్కడే. టిక్కు పెట్టని పని చేతికి వచ్చినా చేయకూడదు. అనుమతి వచ్చాక కూడా మొదటి కేసుల్ని పక్కనుండి చూసి రాసుకుంటారు. దాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు, కొత్తగా చేరిన డాక్టర్లకూ అదే పద్ధతి.

ఆఫరు ఒప్పుకునేముందు పర్యవేక్షణ ఎలాగో అడగండి. మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిబంధన ప్రకారం ఆసుపత్రిలో సీఆర్‌ఎన్‌ఏ మీద డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. 2001 నుంచి గవర్నరు లేఖ రాసి తన రాష్ట్రాన్ని ఆ షరతు నుంచి తప్పించవచ్చు. మొదట తప్పుకున్నది అయోవా. కాలిఫోర్నియా 2009లో తప్పుకుంది, మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్, న్యూజెర్సీ తప్పుకోలేదు. మెడికల్ డైరెక్షన్ అనేది వేరు, అది బిల్లు లెక్క. ఒక మత్తు డాక్టరు ఒకే సమయంలో నాలుగు కేసుల వరకు చూడవచ్చు. మత్తు మొదలుపెట్టేటప్పుడు ఆయన దగ్గరుండాలి, ఉన్నట్టు రాయాలి. కేసులు రెండు నుంచి నాలుగైతే బిల్లులో ఆయన కోడు క్యూకే, మనది క్యూఎక్స్, డబ్బు చెరి సగం. డైరెక్షన్ లేకుండా చేస్తే కోడు క్యూజెడ్, మొత్తం మన పేరు మీదే. చార్టులో ఒకటి, బిల్లులో ఇంకొకటి ఉంటే తనిఖీలో దొరికిపోతారు. కాబట్టి డాక్టరు వచ్చి వెళ్లిన సమయం నేనూ నమోదు చేస్తాను.

పనిలో పొరపాటు జరిగిందని మన మీద వేసే కేసులకు ఉండే బీమా పాలసీ కూడా ఒప్పందంతో పాటే చదవండి. క్లెయిమ్స్-మేడ్ రకమైతే (పాలసీ నడుస్తుండగా వచ్చిన కేసులకే వర్తించేది), ఉద్యోగం మానాక వచ్చే కేసులకు ‘టెయిల్’ అనే అదనపు బీమా విడిగా కొనాలి. ఆ డబ్బు ఎవరు కట్టాలో ఒప్పందంలో లేకపోతే సంతకానికి ముందే రాయించుకోండి.