శృంగవరపుకోట నుంచి అరకు దాకా, సైకిలు మీద

అనంతగిరి ఘాట్‌లో సైకిలు కనబడితే కారువాళ్లకు అంతగా హారన్ కొట్టాలని ఎందుకనిపిస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మలుపులో కొట్టడం సరే, కొట్టాల్సిందే. కానీ రోడ్డంతా ఖాళీగా ఉండి, నేను ఎడమ అంచున నా మానాన నేను పోతుంటే, సరిగ్గా చెవి పక్కకు వచ్చి మోగిస్తారు. కొందరు అద్దం దించి "సూపర్ బ్రో" అని అరుస్తారు కూడా. మెచ్చుకోలే, కాదనను. ఆ మోతకు ఉలిక్కిపడి ముందు చక్రం మట్టిలోకి దిగిపోయాక ఆ మెచ్చుకోలు ఏం చేసుకోను? వెళ్లదలచినవాళ్లు సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లండి. డిసెంబరు శని, ఆదివారాల్లో ఆ రోడ్డు సైకిలుకు పనికిరాదు. గదుల అద్దెలూ అప్పుడే ఆకాశంలో ఉంటాయి.

మాది కోనసీమ. మా దగ్గర ఎత్తు అంటే కాలువ గట్టు, కాదంటే వంతెన. అమలాపురం నుంచి ఎటు తొక్కినా ఎదురుగాలి తప్ప వేరే కష్టం ఉండదు. గేర్ల సైకిలు కొన్నాక కూడా దాని చిన్న గేర్లతో నాకు పని పడలేదు. కొండ ఎక్కాలన్న కోరిక అలా పుట్టింది.

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పట్నం దాటేదాకా లారీల మధ్య తొక్కడం నాకు ఇష్టం లేక, ముందురోజే శృంగవరపుకోట చేరి పడుకుని, తెల్లవారగానే బయల్దేరాను. బొడ్డవర దాటాక కొండలు దగ్గరికొస్తాయి. అక్కణ్నుంచి ఎక్కుడే. మరీ నిటారుగా ఉండదు గానీ, కాసేపు కాళ్లు వదులు చేసుకుందామంటే చోటు ఇవ్వదు. చిన్న గేరులో, ఒకే లయలో, ఊపిరి తప్పకుండా పోవడమే. సీసాల్లో నీళ్లు నిండుగా ఉండాలి. తైడా దగ్గర ఆగి మళ్లీ నింపుకోండి.

చిన్నప్పుడు ఇదే కొండల్లోకి రైల్లో వచ్చాం. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను అది. యాభైకి పైగా సొరంగాలు. చీకటి పడిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలందరం అరిచేవాళ్లం. వెలుగులోకి రాగానే కిటికీ నిండా పచ్చదనం. నా మనసులో అదంతా అడవి అనే ఉండిపోయింది.

సైకిలు మీద గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు మించి పోలేం కాబట్టి చెట్టు చెట్టూ కనబడుతుంది. చూస్తే చాలా చోట్ల చెట్లు వరసలో ఉన్నాయి. అన్నీ ఒకే రకం, తిన్నగా పోయిన మానులు, ఒక్కో మానునూ అల్లుకుని మిరియాల తీగ, కింద గుబురుగా కాఫీ మొక్కలు. ఆ పొడుగు చెట్లు సిల్వర్ ఓక్. ఈ మన్నువే కావు, పుట్టిల్లు ఆస్ట్రేలియా. అంటే ఇన్నేళ్లూ నేను అడవి అనుకున్నదాంట్లో చాలా భాగం తోట. నిజం చెప్పాలంటే మనసు చివుక్కుమంది.

అనంతగిరి దాటాక ఒక మలుపులో నీడ చూసి ఆగాను. రోడ్డు పక్కన గోనెసంచి ముందు ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. లోపల ఆడవాళ్లు కాఫీ పళ్లు కోస్తున్నారు.

"ఏటి బాబూ, బండి సెడిపోనాదా?"

"లేదండీ, అలిసిపోయి ఆగాను."

"దీనికి మోటారు లేదేటి?"

లేదంటే లేచి వచ్చి, ఒంటిచేత్తో సైకిలు ఎత్తి చూసి దింపాడు. తర్వాత సంచిలోంచి గుప్పెడు ఎర్రటి పళ్లు తీసి నా చేతిలో పోశాడు. తోలు కొరికితే లోపల పలచని గుజ్జు, తియ్యగా ఉంది. దాని కింద జిగురుగా రెండు గింజలు. ఒకే కొమ్మకు పచ్చివీ పండినవీ కలిసి ఉంటాయి కాబట్టి, పండినవే ఏరి కోసి, కొన్నాళ్లకు మళ్లీ అదే మొక్క దగ్గరికి రావాలట. అయిదారు కిలోల పళ్లయితే గానీ కిలో గింజలు కావు.

నేను అడవి సంగతి ఎత్తాను. ఆయన చెయ్యి చాచి ఎదుటి వాలు చూపించాడు. తన చిన్నతనంలో అక్కడ పోడు కొట్టేవారట. చెట్లు నరికి, కాల్చి, రాగులూ సామలూ చల్లడం, రెండు మూడేళ్లకు నేల చచ్చాక ఇంకో వాలుకు మారడం. "కాపీ వచ్చినాక సెట్టు కొట్టడం మానేసినాం. నీడ లేకపోతే మొక్క మాడిపోద్ది కదా" అన్నాడు. నేను కాసేపటి క్రితం చిన్నచూపు చూసిన ఆ తోటే కొండ మీద నీడను నిలబెడుతోంది. మిగిలిన ఎక్కుడంతా ఆ వరసలను వేరే కళ్లతో చూశాను.

అందుకే ఒక వ్యూ పాయింట్ దగ్గర జరిగింది అంతగా మండింది. 2019లో భౌగోళిక గుర్తింపు (ఫలానా చోటి పంట అని చెప్పే జీఐ ముద్ర) తెచ్చుకున్న కాఫీ పండే కొండ మీద, 40 రూపాయలు తీసుకుని, ఎక్కడో తయారైన ఇన్‌స్టంట్ పొడి కలిపి ఇచ్చారు. తాగేసిన కాగితపు కప్పులన్నీ వాలు మీద, కాఫీ మొక్కల మొదళ్లలో పడి ఉన్నాయి. నాలుగడుగుల దూరంలో చెత్తబుట్ట ఉంది.

అరకు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వలిసె పూలు పసుపు పచ్చగా విరబూసి ఉన్నాయి. అందరూ వాటి మధ్య నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేను తిని పడుకున్నాను.

దిగడం గురించి మాత్రం జాగ్రత్త చెప్పాలి. పొద్దుటి మంచుకు రోడ్డు తడిగా ఉంటుంది, మలుపుల్లో ఆకులు జారుతాయి. రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచునే నొక్కి ఆపే రకం, ఉన్నవాళ్లు అదేపనిగా పట్టుకుని దిగకండి, రిమ్ము వేడెక్కితే ట్యూబు పేలుతుంది. మలుపుకు ముందే గట్టిగా పట్టి, మలుపులో వదిలేయాలి. మధ్యమధ్యలో ఆగి చక్రాలను చల్లారనివ్వాలి.

మార్చి, ఏప్రిల్‌లో తొలి జల్లులు పడ్డాక కాఫీ పూత వస్తుందనీ, ఆ నాలుగు రోజులూ కొండంతా వాసనేననీ పెద్దాయన చెప్పాడు. ఈసారి ఆ జల్లుల కబురు వినగానే చోడవరం వైపు నుంచి పాడేరు ఘాట్ ఎక్కుతాను.