శ్లోకం ఎవరిది?

ఈరోజు లక్షణం (సంగీత శాస్త్రం) క్లాసులో ఒకమ్మాయి "మొదటి మేళానికి (రాగాలకు మూలమైన స్వరాల వరుసకు) కనకాంబరి అని వేంకటమఖి పేరు పెట్టాడు" అని తను రాసుకొచ్చింది చదివింది. ఎక్కడ చెప్పాడమ్మా అంటే సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెరిచి శ్లోకం చూపించింది. నిజమే, సుబ్బరామ దీక్షితులుగారు 1904లో ఎట్టయపురంలో వేయించిన ఆ పుస్తకంలో రాగలక్షణ శ్లోకాలు వేంకటమఖి పేరు మీదే ఉన్నాయి. సరే, పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి స్వయంగా రాసిన శాస్త్రగ్రంథం చతుర్దండి ప్రకాశిక చేతికిచ్చి ఇందులో వెతకండి అన్నాను. అందులో 72 మేళాల లెక్క ఉంది గానీ, వాడుకలో ఉన్నవిగా ఆయన చెప్పింది 19 మాత్రమే, కనకాంబరి ఊసే లేదు. ఆ శ్లోకాలు ఆయన తర్వాతి కాలానికి చెందిన ముద్దు వేంకటమఖివి అయ్యుంటాయని పరిశోధకులు అంటారు.

వెంటనే వెనక నుంచి "అయితే ప్రదర్శినిని నమ్మకూడదా మేడం?" అని ఒకబ్బాయి. నాకు టెన్షన్ పెట్టేది ఈ ప్రశ్నే, ఎందుకంటే మొత్తం నమ్మేయడం ఎంత సులువో మొత్తం కొట్టిపారేయడమూ అంతే సులువు. అదే పుస్తకంలో ముత్తుస్వామి దీక్షితులవారి కృతుల స్వరాలు వేరే దారిన వచ్చాయి. సుబ్బరామ దీక్షితులు పుట్టింది 1839లో, ముత్తుస్వామి దీక్షితులు పోయిన నాలుగేళ్లకు. ఆయన పాట ఈయన వినలేదు, నేర్చుకున్నది ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితుల దగ్గర. కాబట్టి కంపితం, నొక్కు, జారు లాంటి గమకాలకు (స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరులకు) గుర్తులు పెట్టి మరీ రాసిన ఆ స్వరాలు ఇంట్లో నేర్చిన మనిషి సాక్ష్యం, శ్లోకాలేమో రాతప్రతిని బట్టి చెప్పిన మాట. ఒకే అట్టల మధ్య ఉన్నంత మాత్రాన రెంటికీ ఒకే విలువ కట్టలేం.

తర్వాత కల్యాణి రాగం దగ్గర బాగా ఆగాం. గీత, ఠాయ, ప్రబంధాలనే పాత సంగీత రూపాలకు అది పనికిరాదని వేంకటమఖి తేల్చేశాడు, మరి ఆయన పద్ధతిలోనే నడిచిన ముత్తుస్వామి దీక్షితులవారు అందులో "కమలాంబాం భజరే" చేశారు. శాస్త్రం రాసినవాళ్లకూ ఇష్టాయిష్టాలు ఉంటాయని, ఆ మాట ఆ కాలంలో ఏ పాటను చూసి అన్నారో అడగాలని పిల్లలే అన్నారు, నాకు చాలా సంతోషమేసింది.

వచ్చే వారానికి తలా ఒక రాగం ఇచ్చాను, భైరవి, గౌళ, ఆహిరి, శంకరాభరణం. రెండు పుస్తకాల్లో ఏముందో, గురువు దగ్గర ఏం నేర్చుకున్నారో పక్కపక్కన రాసి, తేడా ఉన్నచోట పాడి వినిపించాలి.