పరా రాష్ట్రంలో మన ఒంగోలు గిత్తలు

మరబా నుంచి బయల్దేరిన బస్సు షింగ్వారా దాటి పడమటికి తిరిగింది. బ్రెజిల్‌లోని పరా రాష్ట్రం ఇది, తూర్పు అమెజాన్. అడవి కోసం కళ్లు కాయలు కాచేలా చూశాను. గంటల తరబడి కనిపించింది గడ్డి, కంచె, మళ్లీ గడ్డి. అక్కడక్కడా ఒంటరిగా నిలబడ్డ బ్రెజిల్ నట్ చెట్లు. వాటిని నరకడం చట్టరీత్యా నేరం కాబట్టి చుట్టూ ఉన్నదంతా కొట్టేసి వాటిని వదిలారు. పరాగం మోసే అడవి తేనెటీగలే లేకపోతే ఇక కాపెక్కడిది?

ఆ గడ్డి మేస్తున్నవి మాత్రం మనవే! తెల్లటి ఒళ్లు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు. అక్కడ నెలోరి అంటారు. 1960ల మొదట్లో మన కోస్తా నుంచి ఓడల్లో వెళ్లిన ఒంగోలు పశువుల రక్తం వీటిలో బాగా ఉంది. కరవది అనే గిత్త పేరు పశువుల పెంపకందార్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మన దగ్గర అరక దున్నిన జాతి అక్కడ కేవలం మాంసానికి. బ్రెజిల్‌లో పశువులు 23 కోట్ల పైమాటే, మనుషుల కంటే ఎక్కువ. నేను దిగిన సావ్ ఫెలిక్స్ దో షింగు పరిధిలోనే 25 లక్షల దాకా ఉంటాయి.

కంచె దగ్గర ఒక ఆవు తీరిగ్గా నెమరేస్తోంది. పశువులు వదిలే మీథేన్ వాయువు అనగానే అందరూ తోక వైపు చూసి నవ్వుతారు గానీ, అది ఎక్కువగా వచ్చేది త్రేన్పుల్లోనే. వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. నాకైతే అంతకన్నా నేలే పెద్ద సమస్య అనిపించింది. అమెజాన్‌లో నరికిన భూమిలో అత్యధిక భాగం పచ్చికబయలే. రెండున్నర ఎకరాలకు ఇంచుమించు ఒక్క పశువు! ఆఫ్రికా గడ్డి చల్లుతారు, ఎరువు వెయ్యరు. కొన్నేళ్లకు నేల సారం చచ్చిపోతే, బాగుచేసుకునే కన్నా కొత్త అడవి తగలబెట్టడమే చవక.

మరి పశువులు ఏ నేల నుంచి వచ్చాయో కబేళాల వాళ్లు చూడరా అని అడిగితే, మా డ్రైవర్ స్టీరింగ్ మీంచి ఒక చెయ్యి తీసి గాల్లో తిప్పాడు. దూడ పుట్టేది అక్రమంగా కొట్టిన అడవిలో. కాస్త ఎదిగాక కాగితాలు సరిగా ఉన్న ఇంకో ఫజెండాకు, అంటే పశువుల పెంపక క్షేత్రానికి, అమ్ముతారు. కంపెనీలు చాలావరకు తనిఖీ చేసేది ఆ చివరి యజమానినే. ప్రతి పశువు చెవికీ ట్యాగు వేసి, పుట్టిన చోటు నుంచీ లెక్క రాసే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2023లో ప్రకటించింది. "వేస్తారు, వేస్తారు" అన్నాడతను, ముందు వెళ్తున్న పశువుల లారీకి హారన్ కొడుతూ.